ట్రాము ఎక్కిన కెమెరా

మనం సినిమా చూస్తుంటాం గానీ, తెర మీది మనిషి మాత్రం మనల్ని చూడడు. ఎదురుగా చీకట్లో ఇంతమంది కూర్చున్నారని తెలియనట్టే ఉంటాడు. ఎప్పటినుంచో నడుస్తున్న ఈ ఒప్పందాన్ని దర్శకుడు మృణాల్ సేన్ 1971లో వచ్చిన ‘ఇంటర్వ్యూ’లో, కలకత్తా ట్రాములో, అందరూ చూస్తుండగా తెంపేశారు.

కథ చిన్నదే. రంజిత్ అనే కుర్రాడికి విదేశీ కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంటర్వ్యూకి సూటు వేసుకెళ్ళాలి. ఆ సూటేమో లాండ్రీలో ఇరుక్కుంది, లాండ్రీవాళ్ళు సమ్మెలో ఉన్నారు.

ఇక ఆ ట్రాము సీను వినండి. కుర్రాడు జనంలో నిలబడి వెళ్తుంటాడు. దగ్గర్లో ఒకమ్మాయి సినిమా పత్రిక తిరగేస్తుంటే అందులో ఇతని ఫొటో! ఆమె ఫొటోనీ, మనిషినీ మార్చి మార్చి చూస్తుంది. అప్పుడతను సరాసరి మనవైపు తిరిగి మాట్లాడతాడు. తను స్టారేమీ కాడట, అసలు పేరు కూడా రంజిత్ మల్లిక్కేనట, పత్రికాఫీసులో పనిచేసుకుంటుంటే మృణాల్ సేన్ కెమెరాతో వెంటపడ్డారట. ఇంట్లో అమ్మగా కనిపించినావిడ ‘పథేర్ పాంచాలీ’లో సర్వజయ వేషం కట్టిన కరుణా బెనర్జీ అని కూడా చెప్పేస్తాడు. కెమెరా పట్టుకున్న కె.కె. మహాజన్ కూడా తెర మీద ప్రత్యక్షం!

ఇంత గుట్టు విప్పేశాక కథ మీద నమ్మకం పోవాలి కదండీ? నాకు పోలేదు సరికదా, కుర్రాడి మీద బెంగ ఇంకా పెరిగింది. హీరో అయితే ఎలాగో గట్టెక్కుతాడనుకుంటాం. మనలాంటివాడని తెలిశాక ఆ ధీమా ఎక్కడుంటుంది?

చివరికి అరువు తెచ్చుకున్న సూటు కూడా బస్సు గొడవలో పోతుంది. పంచెకట్టుతో వెళ్ళినవాడికి ఉద్యోగం రాదు. అప్పుడు కనపడని ప్రేక్షకుడి గొంతొకటి అతన్ని గుచ్చి గుచ్చి అడుగుతుంది. ఆ ప్రశ్నలకు తాళలేక అతను షాపు అద్దం పగలగొట్టి, బొమ్మ ఒంటిమీది సూటు పీకేస్తాడు. అంటే అతన్ని అక్కడిదాకా నెట్టిందెవరు? మనమే! టికెట్టు కొనుక్కుని తీరిగ్గా కూర్చున్న మనకూ సేన్ ఒక వేషం ఇచ్చారన్నమాట.

ఇదే మనిషి 1977లో ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ తీసుకుని తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. వాసుదేవరావు వేసిన వెంకయ్య కెమెరాకేసి తిరిగి మాట్లాడడు. అయినా మనల్ని కుదురుగా కూర్చోనివ్వడు. కష్టమంతా దొరకే పోయేటప్పుడు పని చెయ్యడం దేనికని అతని వాదన. కోడలు ప్రసవవేదన పడుతుంటే కదలని ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది, కానీ ఆ వాదనకు మాత్రం ఎదురు చెప్పలేం. వీలైతే ముందు ‘ఇంటర్వ్యూ’ చూసి, ఆ తర్వాత ఇది చూడండి.