నలుపు మీద వెండి

లోహకాంతి ఒక వర్ణము కాదు, ప్రతిఫలనము. డబ్బాలోని వెండిరంగును కుంచెతో పులిమితే బూడిదరంగు వస్తుందే గాని లోహం రాదు. ఈ సత్యాన్ని నాకు బోధించినవాడు మా ఉప్పుగూడలో పొరుగింటి కుర్రవాడు. ప్లాస్టిక్ విమాన నమూనాలను కూర్చి, ఎయిర్‌బ్రష్‌తో రంగులు వేయడం అతని వ్యాసంగం.

ఇప్పుడతని బల్లమీద ఉన్నది మిగ్-21, అసలులో 72వ వంతు. 7.15 మీటర్ల రెక్కల విస్తృతి ఇక్కడ పది సెంటీమీటర్లకు కుదించుకున్నది. 1963లో మన వాయుసేనలో చేరిన ఈ విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పుచ్చుకున్నది. దీనికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల కోసమే 1965లో మన బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ వెలసింది. తొలినాళ్ళ మిగ్‌లు చాలావరకు వట్టి లోహపు మేనితోనే ఎగిరాయి. ఆ మేనిని ప్లాస్టిక్ మీద ఆవాహన చేయడమే మనవాని తపస్సు.

మొదట సన్నని గరుకుకాగితాన్ని నీటితో తడిపి నునుపు చేస్తాడు. వెంట్రుకవాసి గీత ఉన్నా లోహపు పూత దానిని చాటి చెబుతుంది. ఆపైన నిగనిగలాడే నల్లరంగు. అది బాగా ఆరిన తరువాతనే, తక్కువ ఒత్తిడితో, మంచుతెరవలె పలుచగా లోహపు లక్క చల్లుతాడు. ఒకే పొరలో ముంచెత్తితే మెరుపు చచ్చిపోతుందట.

"కింద నలుపు లేకుంటె పైన మెరుపు రాదు సార్" అన్నాడు.

నాకు వెంటనే సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ పాత్రలు స్ఫురించాయి. బీదరు కోటమట్టితో తుత్తునాగపు మిశ్రలోహం నల్లబడుతుంది, పొదిగిన వెండి మాత్రం నల్లబడదు. అక్కడ నలుపు వెండి చుట్టూ ఉంటుంది, ఇక్కడ వెండి కింద దాగి ఉంటుంది. అంతే భేదం.

అబ్బాయి తండ్రి కార్లకు రంగులు వేసే పనివాడు. "ఇంత కష్టం బొమ్మ మీదనా? మీరైనా చెప్పుండ్రి సార్" అని నన్ను అడిగాడు. ఆయన బాధ న్యాయమైనదే. పరీక్షలు దగ్గరపడ్డాయి, లక్క ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేను ఆయనను లోపలికి తీసుకుపోయి విమానపు తోకను చూపించాను. మంటలు వెలువడే చోట లోహం మాడి, కొంత పసుపు, కొంత నీలం తిరిగి ఉన్నది. పక్కన సన్నని మసి చారిక. ఆ విమానాలలో ఎందరో యువ చోదకులు ప్రాణాలు కోల్పోయారు కదా, వట్టి తళుకు చూపితే అబద్ధమవుతుందని కుర్రవాని వాదం.

తండ్రి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. మరునాడు తాను పనిలో వాడే రకం మాస్కు కొత్తది ఒకటి తెచ్చి కొడుకు బల్లమీద పెట్టాడు. పరీక్షలయ్యేదాకా ఆదివారాలు మాత్రమే అని షరతు కూడా పెట్టాడు.

సాదృశ్యం వల్ల ఒకదానిని మరొకటిగా భ్రమించడం భ్రాంతిమదలంకారమని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఆ భ్రాంతి వెనుక ఎంత నిజాయితీ ఉండాలో ఈ చిన్న విమానం చెబుతున్నది. చదువరులారా, మీ ఇళ్ళలో ఇటువంటి 'పనికిమాలిన' పనిలో మునిగిన పిల్లలుంటే, కసిరే ముందు ఒక్కసారి దగ్గరగా చూడండి.