గరాజ్‌లో మడి

మగవాళ్ళ సరదాలు ఇంట్లోకి డబ్బాల్లో వస్తాయి. చేపల గాలాలు, కెమెరా లెన్సులు, బార్బెక్యూ పొయ్యి, సగం వాడి వదిలేసిన గిటారు... మా గరాజ్ వీటన్నిటికీ చోటిచ్చింది. పోయిన ఏడాది వచ్చిన సరదా మాత్రం నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. మావారు ఇంట్లో తూటాలు చేసుకోవడం నేర్చుకుంటానన్నారు.

మేము ఉండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర. పక్కింటి పెద్దాయన రిటైరయ్యారు. శనివారం పూట ఆయనతో కలిసి మావారు షూటింగ్ రేంజికి వెళుతుంటారు. కాల్చేది కాగితం మీద గీసిన గుండ్రాలనే. కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాలను పారేయకుండా మళ్ళీ నింపి వాడుకోవడాన్ని ఇక్కడ రీలోడింగ్ అంటారు. పెద్దాయన చిన్నప్పటి నుంచీ చేస్తున్నారట. మన ఊళ్ళో పాత పరుపులు విప్పి, దూది ఏకించి మళ్ళీ కుట్టించుకున్నట్టే ఆయనకిదీ మామూలు పని.

ఊళ్ళో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "అదేం సరదా తల్లీ, దీపావళికి చిచ్చుబుడ్లు కూరుకోవడమా?" అంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

అసలు తూటాలో ఉండేవి నాలుగే. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలాక గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనైపోతుంది. ఇత్తడి మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, పాత ప్రైమర్ ఊడగొట్టి, ఉబ్బిన గొట్టాన్ని ప్రెస్సులో నొక్కి సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, గుండు కూర్చోబెడతారు. కొత్తవాళ్ళు ఒక్కో పిడి నొక్కుకి ఒక్కో పనే చేసే ప్రెస్సుతో మొదలుపెట్టాలని పెద్దాయన చెప్పారు. అన్నీ వరసగా చేసేసే యంత్రాలూ ఉన్నాయి గానీ, అక్కడ ఒకేసారి నాలుగు చోట్ల కన్నెయ్యాలి. చెయ్యి తిరగనివాళ్ళకి అది కుదరదు.

తెలుగు బి.ఏ. చదివిన బుర్ర కదా, నాకు 'మందు' అన్న మాట దగ్గర ఆలోచన ఆగింది. జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో తాగేదీ మందే, తుపాకిలో పేలేదీ మందే. మూడింటికీ కొలతే ప్రాణం. ఈ మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి బంగారం తూచే గురివింద గింజ బరువు సుమారుగా రెండు గ్రెయిన్లు ఉంటుంది. అంటే గురివింద గింజ కంటే చిన్న తేడాలతో పనన్నమాట. కొలతలు మనసుకి తోచినట్టో, స్నేహితుడు చెప్పినట్టో పెట్టుకోకూడదు. లైమన్, హార్నడీ లాంటి కంపెనీలు పరీక్షించి అచ్చువేసిన పుస్తకాలుంటాయి. అందులో ఆ గుండుకి, ఆ మందుకి రాసిన తక్కువ కొలతతోనే మొదలుపెట్టాలి.

పప్పులో ఉప్పు వేశానో లేదో అనుకుంటూ రెండోసారి వేస్తే ఆ పూట పెరుగన్నం తింటాం. ఇక్కడ ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే తుపాకి చేతిలోనే పేలిపోవచ్చు. అసలు వెయ్యడం మర్చిపోయినా ముప్పే. ప్రైమర్ తోపుకి గుండు సగం దూరం వెళ్ళి గొట్టంలో ఇరుక్కుంటుంది, చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే అంతే సంగతులు. అందుకే గుండు పెట్టే ముందు ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూడాలి. ఆ బల్ల దగ్గర ఫోన్ ఉండకూడదు, టీవీ ఉండకూడదు, గ్లాసు అసలే ఉండకూడదు.

ఇదంతా విన్నాక నాకు మా అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజు గుర్తొచ్చింది. తలస్నానం చేసి, మడి కట్టుకుని, జాడీ దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. మధ్యలో మాట్లాడిస్తే కోపం. తడి చెయ్యి తగిలితే ఏడాది పచ్చడి బూజు పడుతుందని ఆవిడ భయం. మావారితో ఒకటే అన్నాను: "నేను వద్దనను. కానీ ఆ బల్లకి మడి కట్టాలి." ఆయన నవ్వారు గానీ, ఒప్పుకున్నారు.

ఇలా పట్టుబట్టడానికి కారణం మా చిన్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు. మామూలు ప్రైమర్లలో సీసం ఉంటుంది. గుండ్లలో చాలావాటిలోనూ ఉంటుంది. కాల్చిన ఇత్తడిని గింజల పొట్టులో వేసి యంత్రంలో తిప్పి మెరిపించేటప్పుడు లేచే దుమ్ములోనూ ఉంటుంది. పిల్లల బుర్ర ఎదుగుదలకి సీసం శత్రువు. అమెరికా సి.డి.సి. 2021లో పిల్లల రక్తంలో సీసానికి హెచ్చరిక గీతని డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి దించింది. అంతకు ముందు అది 5. గీత కింద ఉన్నంత మాత్రాన భయం లేదని కాదు, ఎంత తక్కువైతే అంత మంచిదని అర్థం.

అందుకని మా ఇంటి మడి ఇదీ. ఇత్తడి తిప్పే యంత్రం గరాజ్ బయటే, మూత పెట్టే తిప్పాలి. బల్ల దగ్గర చీపురు పనికిరాదు, తడిగుడ్డతోనే తుడవాలి. వంటింటి గిన్నె, గరిటె, జల్లెడ ఒక్కటి కూడా అటు వెళ్ళకూడదు. వెళితే మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. రేంజికి కట్టుకెళ్ళిన బట్టలు విడిగా ఉతకాలి, చెప్పులు బయటే. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లాడిని ముట్టుకోవడం. వాడికి డాక్టరు దగ్గర రక్తపరీక్ష కూడా చేయించాను, తక్కువే వచ్చింది. ఏటా చేయిస్తాను.

ఇంకోటుంది. మనకి హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బోర్న్‌విటా డబ్బాలో ఆవాలు పోసుకునే అలవాటు కదా. మందుతో ఆ పని చెయ్యనే కూడదు. రకరకాల మందులు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, గుణం మాత్రం వేరు. ఎప్పుడూ కొన్న డబ్బాలోనే ఉండాలి, బల్ల మీద ఒక్క రకమే ఉండాలి. ఇక తుపాకి ఒక బీరువాలో, తూటాలు ఇంకో బీరువాలో. రెండు తాళాలూ పిల్లాడికి దొరకని చోట.

డబ్బు ఆదా అవుతుందా అంటే, నేను కుట్టుమిషన్ కొన్నప్పటి కథే. టైలరు ఖర్చు తగ్గుతుందని కొని, బట్టలకి రెట్టింపు పెట్టాను. తూటా ఒక్కోటి చవకే పడుతుంది, దాంతో ఎక్కువ కాలుస్తారు. పెద్దాయన భార్య నలభై ఏళ్ళుగా ఇదే చెబుతోందట.

లాభం వేరే చోట కనిపించింది. చేతిలో ఫోన్ లేకుండా గంటసేపు ఒక్క పని మీద కూర్చున్న మనిషిని చాలా ఏళ్ళ తర్వాత మా ఇంట్లో చూస్తున్నాను. లోపలికి వచ్చాక ఆయన మాట నెమ్మదిగా ఉంటోంది. అది నాకు నచ్చింది. అలా అని నా గుండెలో ముల్లు పూర్తిగా పోలేదు. గుండుకి ఏది కాగితమో, ఎవరు మనిషో తెలియదు. ఆ తెలివి చేసేవాడికి ఉండాలి, ఇంట్లో గుర్తుచేసే మనిషీ ఉండాలి.

మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే ముందు వీసా చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకే కాదు, ఒక్క తూటా ఉన్నా ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మన కోసం చేసుకుంటే సరే గానీ, చేసి అమ్మాలంటే ఫెడరల్ లైసెన్సు కావాలి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, అవీ కనుక్కోవాలి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు చెయ్యడానికే వీల్లేదు. కాబట్టి రేంజికి తీసుకెళ్ళిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఒక్క తూటా ఉండిపోయినా ఎయిర్‌పోర్టులో పోలీసు కేసు అవుతుంది.

మొన్న చిన్నాడు, "నేనెప్పుడు చెయ్యొచ్చమ్మా?" అని అడిగాడు. "ఆ పుస్తకం మొత్తం చదివి, నాకు తెలుగులో విడమరిచి చెప్పగలిగిన రోజున అడుగు, అప్పుడు ఆలోచిద్దాం" అన్నాను. వాడింకా గుణింతాల దగ్గరే ఉన్నాడు. నాకేం తొందర లేదు.