పాలు తాగాకే మందు

“చంటిపిల్లకి బీపీ మందా?” డాక్టర్ రాసిన చీటీ వివరం వినగానే అమ్మ అడిగిన మాట ఇది. ఆ మందు పేరు ప్రొప్రనలాల్. అమ్మ పార్శ్వనొప్పికి వేసుకునేదీ అదే.

మా అక్క కూతురికి అప్పుడు మూడో నెల. ఒంటిమీద ఆరు ఎర్రటి మచ్చలున్నాయి. అలాంటివి అయిదు, అంతకు మించి ఉంటే కాలేయం కూడా చూడాలట. స్కానింగ్‌లో అక్కడా కనబడ్డాయి. హెమాంజియోమా అన్నారు. రక్తనాళాలు గుంపుగా పెరిగి కట్టిన గడ్డలన్నమాట. క్యాన్సర్ కాదు. కానీ ఎక్కువగా పెరిగితే రక్తాన్ని తమవైపు లాగేసుకుని గుండెకి భారమవుతాయి. థైరాయిడ్ హార్మోన్‌నీ పనికిరాకుండా చేస్తాయి.

అమ్మ ప్రశ్నకి జవాబు కోసం ఆ రాత్రి చదువుతూ కూర్చున్నాను. 1960ల్లో జేమ్స్ బ్లాక్ ఈ మందుని గుండె జబ్బు కోసం తయారుచేశారు. పసిపిల్లల గడ్డలకి పనిచేస్తుందని తెలిసింది మాత్రం అనుకోకుండానే. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కుమీద గడ్డ ఉన్న ఒక బిడ్డకి స్టెరాయిడ్లు వాడుతుంటే గుండె కండరం మందమైంది. గుండె కోసమని ప్రొప్రనలాల్ ఇస్తే, మర్నాటికే గడ్డ మెత్తబడింది. 2008లో అక్కడి డాక్టర్లు ఈ సంగతి లోకానికి చెప్పారు. తర్వాత కాలేయంలోని గడ్డలకీ ఇదే మందు వాడకంలోకి వచ్చింది.

మందు చవకే. జాగ్రత్తే ఖరీదు. ఖాళీ కడుపున ఇస్తే ఒంట్లో షుగర్ పడిపోవచ్చు, నాడి నెమ్మదించవచ్చు. అందుకే మొదటి డోసులు ఆసుపత్రిలోనే ఇచ్చారు. ఇంటికొచ్చాక అక్క ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. పాలు ఎప్పుడు తాగింది, మందు ఎప్పుడు పడింది, అంతా అందులోనే.

ఒక రాత్రి పాపకి వాంతులు. పాలు ముట్టలేదు. “మందు మానేస్తే గడ్డ పెరగదూ?” అని అమ్మ కంగారు. అక్క డాక్టర్‌కి ఫోన్ చేసింది. “ఒక డోసు పోతే కొంప మునగదమ్మా. పాలు తాగని పిల్లకి మాత్రం ఇవ్వొద్దు. వాంతులు ఆగకపోతే వెంటనే తీసుకురండి” అన్నారాయన. ఆ రాత్రి మందు గిన్నె పక్కన పెట్టి, ముగ్గురం పాప ముఖం చూస్తూ కూర్చున్నాం. తెల్లారేసరికి పాలు తాగింది.

ఇప్పుడు పదో నెల. గడ్డలు బాగా తగ్గాయి, మందు ఇంకా నడుస్తోంది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. అందాకా మా ఇంట్లో ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే: “పాప పాలు తాగిందా?”