పేరాలలో మావయ్య ఫోను

తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి నా సంచిలో లాప్‌టాప్, టెరాబైట్ హార్డ్‌డిస్క్, పెద్ద పెన్‌డ్రైవ్, దాన్ని ఫోనుకి తగిలించే ఓటీజీ ముక్క, రెండు కేబుళ్ళు ఉన్నాయి. వెళ్తున్నది చీరాల పక్కన పేరాలకి, మా మావయ్య ఇంటికి. ఆయన కుప్పడం పట్టుచీరలు నేయిస్తాడు. ఇంట్లో కొన్ని మగ్గాలు, చుట్టుపక్కల ఇళ్ళల్లో కొన్ని. ఆయన ఫోనుని కొడుకు కాలేజీ రోజుల్లో రూట్ చేసి, వేరే రామ్, అంటే ఫోనుని నడిపే సాఫ్ట్‌వేరు, ఎక్కించి పెట్టాడు. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు. ఫోను ఉన్నట్టుండి ఆగిపోయి మళ్ళీ మొదలవుతోంది. డబ్బులు పడే యూపీఐ యాప్ తెరవబోతే, ఈ ఫోను రూట్ అయి ఉంది, నేను పనిచేయను అంటోంది. బజార్లో చూపిస్తే రీసెట్ కొట్టేద్దాం, ఐదు నిమిషాల పని అన్నారట. మావయ్య ఇవ్వలేదు. "నా పనంతా అందులోనే ఉందిరా, నువ్వొచ్చి చూడు" అన్నాడు. ఆయన ఇవ్వకపోవడమే మంచిదైంది.

చుండూరు దాటాక ఎదుటి సీట్లో కుర్రాడు నా కేబుళ్ళకేసి చూసి, "అన్నా, ఫోను ఫ్లాష్ చేయబోతున్నారా?" అని అడిగాడు. బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థి. 1945 నుంచీ ఉన్న కాలేజీ అది. అతనూ ఒక పాత ఫోనుని రూట్ చేసి చూశాడట. మామూలుగా ఫోను కొన్నవాడికి అందులో ఉండే అధికారం ఒక హద్దు వరకే. బూట్‌లోడర్ తాళం తీసి, సిస్టం ఫైళ్ళను కూడా ముట్టుకోగల సూపర్‌యూజర్ అధికారం సంపాదించడమే రూట్. రూట్ చేయడానికి, చైన్‌ఫైర్ అనే పేరుతో పనిచేసిన డెవలపర్ తెచ్చిన సూపర్‌ఎస్‌యూ ఒకప్పుడు అందరి నోటా ఉండేది. 2016లో జాన్ వూ మ్యాజిస్క్ తెచ్చాక, సిస్టం విభాగం జోలికి పోకుండా బూట్ ఇమేజ్ ఒక్కదాన్నే మార్చే పద్ధతి స్థిరపడింది.

"ఫ్యాక్టరీ రీసెట్ కొడితే రూట్ పోతుంది కదన్నా?" అన్నాడు.

పోదు. చాలామంది పొరపడేది ఇక్కడే. రీసెట్ చెరిపేది డేటా విభాగాన్ని. మన యాప్‌లు, మెసేజీలు, ఫొటోలు, అకౌంట్లు అన్నీ అందులోవే. సిస్టం, బూట్ విభాగాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇల్లు కడిగితే సామాను చేసిన మరకలు పోతాయి గానీ కొట్టేసిన గోడ తిరిగి లేవదు కదా. మ్యాజిస్క్ యాప్ కనిపించకుండా పోయినా మారిన బూట్ ఇమేజ్ అలాగే ఉంటుంది. యూపీఐ యాప్ మళ్ళీ అదే మాట చెబుతుంది. అంటే బజార్లో ఆ ఐదు నిమిషాల పని చేయించుకుని ఉంటే మావయ్య తన సమాచారం అంతా పోగొట్టుకునేవాడు, రోగం మాత్రం అలాగే ఉండేది.

బాపట్లలో కుర్రాడు దిగిపోయాడు. అక్కడినుంచి నేల మారుతుంది. డెల్టా వరిచేలు వెనకబడి ఇసుక నేలలు, సరుగుడు తోటలు, తాటిచెట్లు మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు జిల్లాలోని రేపల్లె, బాపట్ల, ప్రకాశంలోని చీరాల ఒక గూటికి చేరాయి. మా తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. చుట్టరికాలకి ఆ గీతలతో పనిలేదు. స్టూవర్టుపురం, ఈపూరుపాలెం దాటగానే చీరాల వచ్చేసింది.

ఆటో పేరాల వీధుల్లోకి తిరిగేసరికే మగ్గాల చప్పుడు. ఈ వీధుల్లోకి వచ్చినప్పుడల్లా నాకు 1921 గుర్తొస్తుంది. చీరాల, పేరాలలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. అంత పట్టుదల చూపినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇక్కడ ఇప్పటికీ గుంట మగ్గాల మీద కూచుని నాడె విసురుతున్నారు.

అత్తయ్య ఇచ్చిన కాఫీ తాగి ఫోను చేతిలోకి తీసుకున్నాను. షావోమీ వాళ్ళ రెడ్‌మీ నోట్. అద్దం ఒక మూల పగిలింది. ముందు ఏమీ నొక్కకుండా మావయ్యని పక్కన కూచోబెట్టుకుని, "ఇందులో పోతే మళ్ళీ దొరకనివి ఏంటి మావయ్యా?" అని అడిగాను. ఎవరి ఫోను పట్టుకున్నా మొదట అడగాల్సింది ఇదే అని నా నమ్మకం. ఏ యాప్ ఎక్కడ దాచుకుంటుందో నాకు తెలుసు గానీ, దేనికి ఎంత విలువో ఆయనకే తెలుసు.

ఆయన చూపించాడు. గళ్ళ కాగితం మీద గీసిన అంచు డిజైన్ల ఫొటోలు, వాటినిబట్టే జాకార్డు అట్టలు కొట్టిస్తారు. ఏ చీరకి ఒళ్ళు ఏ రంగు, అంచు ఏ రంగు అని పోగులు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు. ఎవరికెంత పట్టు, ఎంత జరీ ఇచ్చిందీ వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్న లెక్కలు. వాటన్నిటికంటే ముఖ్యం, రంగులద్దే పెద్దాయన గొంతు. ఆయన చాలా ఏళ్ళు మావయ్యకి పట్టు పోగు అద్దాడు, కరోనా రెండో విడతలో పోయాడు. రాయడం రాదు. ఏ ఛాయకి ఏ రంగు ఎంత కలపాలో వాయిస్ మెసేజీల్లో చెప్పేవాడు. మావయ్య ఒకటి వినిపించాడు. వెనకాల నీళ్ళు మరుగుతున్న చప్పుడు, మధ్యలో ఎవరినో "ఆ కర్ర అందుకో" అని కేకేయడం, మళ్ళీ లెక్క.

"ఈ పచ్చ ఇప్పుడు అద్దేవాళ్ళకి కుదరట్లేదురా. ఈయన చెప్పింది వినిపించి అద్దిస్తున్నాను" అన్నాడు మావయ్య.

ఆ మెసేజీలు ఉండే ఫోల్డర్ తెరిచి చూశాను. పీటీటీ అని మొదలై, తేదీ, ఒక వరుస నంబరు, చివర ఓపస్ అని ఉండే చిన్న చిన్న ఫైళ్ళు. పేరు చూసి ఎవరి గొంతో తెలియదు. అది తెలిసేది వాట్సాప్ డేటాబేస్‌కి మాత్రమే. అందుకని ఫైళ్ళు ఒక్కటే కాపీ చేసుకుంటే చాలదు, డేటాబేస్ కూడా క్షేమంగా రావాలి.

పని మొదలుపెట్టాను. వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్ళి అప్పటికప్పుడు బ్యాకప్ చేయించాను. తెల్లవారుజామున రెండింటికి అది తనంతట తాను తీసుకునే నకలు ఉంటుంది గానీ, పొద్దుటి మెసేజీలు అందులో ఉండవు. ఆ నకలుకి తాళం ఉంటుంది. అదే సిమ్ నంబరుతో మళ్ళీ లాగిన్ అయితే తెరుచుకుంటుంది. ఎండ్ టు ఎండ్ బ్యాకప్ అని విడిగా పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్ళకి ఆ పాస్‌వర్డు కూడా కావాలి. మావయ్య పెట్టలేదు. తర్వాత కాంటాక్టులు. సగం నంబర్లు గూగుల్ అకౌంట్లో లేవు, ఫోనులోనే ఉన్నాయి. వాటిని వీసీఎఫ్ ఫైలుగా తీశాను. ఎస్సెమ్మెస్‌లు ఒక యాప్‌తో ఫైలుగా దించాను.

ఇక బూట్‌లోడర్ తాళం తీసిన ఫోనుకి మాత్రమే ఉన్న సౌకర్యం. బావమరిది అందులో టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ పెట్టి ఉంచాడు. దానితో విభాగాలకు విభాగాలే నకలు తీయొచ్చు. నాండ్రాయిడ్ బ్యాకప్ అంటారు. ముందు స్క్రీన్ లాకు, వేలిముద్ర రెండూ తీసేయించాను. లేకపోతే రికవరీ డేటాని విప్పలేకపోవచ్చు, విప్పినా తర్వాత వెనక్కి ఎక్కిస్తే పాత లాకు మొరాయించొచ్చు. వాల్యూం పెంచే మీట, పవర్ మీట కలిపి నొక్కి రికవరీలోకి వెళ్ళి బూట్, డేటా, పెర్సిస్ట్, ఈఎఫ్‌ఎస్ టిక్ పెట్టాను. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ఐఎంఈఐ, నెట్‌వర్క్ వివరాలు ఉండేది అక్కడే. అది చెడిపోతే ఫోను వెలుగుతుంది గానీ సిమ్ అందుకోదు.

ఇక్కడ రెండు గోతులున్నాయి, రెండూ మనుషుల్ని నిజంగా ఏడిపించినవే. టీడబ్ల్యూఆర్‌పీలో డేటా అని టిక్ పెడితే ఫొటోలు, డౌన్‌లోడ్లు ఉండే లోపలి స్టోరేజీ అందులోకి రాదు. యాప్‌ల సమాచారం మాత్రమే వస్తుంది. రెండోది, ఆ బ్యాకప్‌ను అది మామూలుగా ఆ లోపలి స్టోరేజీలోనే దాస్తుంది. తర్వాత ఫార్మాట్ డేటా నొక్కితే ఫోనుతోపాటు బ్యాకప్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ కాలం ఫోన్లలో సమాచారం అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, చెరిపినప్పుడు తాళంచెవులే పోతాయి. ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ వేసినా ఒక్క ఫొటో తిరిగి రాదు. అందుకని బ్యాకప్‌ను ఓటీజీతో తగిలించిన పెన్‌డ్రైవ్‌లోకి పంపాను. అది పూర్తయ్యాక ఫోను మామూలుగా తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, లాప్‌టాప్‌లోని ఏడీబీ ప్రోగ్రాంతో లోపలి స్టోరేజీ మొత్తం లాగమని చెప్పాను.

చాలాసేపు పట్టేలా ఉంది. "కేబులు ఎవరూ ముట్టుకోకుండా నేను చూస్తాలే, మీరు వెళ్ళి రండి" అని అత్తయ్య కుర్చీ లాక్కుని అక్కడే కూచుంది. మావయ్య స్కూటరు మీద జాండ్రపేట మీదుగా వేటపాలెం వెళ్ళాం, సారస్వత నికేతనం చూడ్డానికి. 1918లో ఊరి యువకులు మొదలుపెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చారు. తెలుగు పత్రికల పాత సంపుటాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో ఇక్కడికి వస్తారు. అచ్చు వేసినవాళ్ళ దగ్గర కూడా మిగలని సంచికలు ఒక పల్లెటూరి బీరువాల్లో మిగిలాయంటే, రెండో ప్రతి వేరే చోట ఉంచాలనే బుద్ధి ఎవరికో పుట్టబట్టే. మావయ్య ఆ బీరువాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు జీడిపప్పు కొన్నాం.

ఇంటికొచ్చేసరికి కాపీ అయిపోయింది. కాపీ అయిపోయిందని తెర మీద కనిపిస్తే నేను నమ్మను. ఫోల్డర్ల పరిమాణం, ఫైళ్ళ లెక్క రెండు వైపులా సరిచూశాను. గళ్ళ కాగితం ఫొటోలు లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాం. వీసీఎఫ్ తెరిచి పేర్లు తెలుగులో సరిగా ఉన్నాయో లేదో చూశాం. పెద్దాయన గొంతు ఒకటి రెండు చోట్ల వినిపించాను. అప్పుడు మొత్తాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఇంకో ప్రతి తీశాను.

చెరిపేముందు ఇంకొక్క సంగతి మిగిలింది. ఆండ్రాయిడ్ 5.1 నుంచీ, రికవరీలోనుంచి ఫోను చెరిపితే అంతకుముందున్న గూగుల్ అకౌంటు అడుగుతుంది. దొంగల చేతికి చిక్కిన ఫోను పనికిరాకుండా చేసిన మంచి ఏర్పాటే. కానీ ఈ ఫోనులో మొదట వేసిన అకౌంటు బావమరిదిది. బెంగళూరుకి ఫోన్ చేశాను.

"పాస్‌వర్డు గుర్తులేదు బావా."

"ఇప్పుడే మార్చుకో. మార్చాకే నేను ఇక్కడ ఏదైనా ముట్టుకునేది."

వాడు మార్చాడు. నేను సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ అకౌంటునీ, షావోమీ అకౌంటునీ తీసేశాను.

రూట్ పోవాలంటే కంపెనీ ఇచ్చిన అసలు రామ్‌నే మళ్ళీ ఎక్కించాలి. ఆ మోడల్‌కి తగిన, ఇండియా ఫోన్ల కోసం ఇచ్చిన ఫాస్ట్‌బూట్ రామ్ తెనాలిలోనే దించుకుని వచ్చాను. మీఫ్లాష్ ప్రోగ్రాంలో కింద మూడు గుండ్రటి మీటలు ఉంటాయి: అంతా చెరుపు, డేటా ఉంచు, అంతా చెరిపి తాళం వేయి. మామూలుగా మూడోదాని మీదే చుక్క ఉంటుంది. ఎక్కించే రామ్ ఆ ఫోనుకి తగింది కాకపోతే, తాళం పడ్డాక ఫోను లేవదు. అందుకని మొదటిది ఎంచుకున్నాను. ఫోను తెరుచుకున్నాక కెమెరా, మైకు, వేలిముద్ర, సిమ్ అన్నీ చూశాను. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కి వచ్చిన ఐఎంఈఐని, అత్తయ్య బీరువాలోనుంచి తీసిచ్చిన డబ్బా మీది నంబరుతో కలిపి చూశాను. అన్నీ సరిపోయాక, అప్పుడు తాళం వేసే మీటతో మళ్ళీ ఎక్కించాను. బూట్‌లోడర్ తెరిచే ఉంటే కొన్ని డబ్బుల యాప్‌లు అప్పటికీ ఒప్పుకోవు. తాళం వేయడం కూడా డేటాని చెరిపే పనే కాబట్టి, సమాచారం తిరిగి వేయడం దాని తర్వాతే.

తిరిగి వేసేటప్పుడు నాండ్రాయిడ్ జోలికి పోలేదు. అది పాత రామ్‌లోని డేటా, కొత్త రామ్‌ మీద పోస్తే ఫోను సరిగా లేవకపోవచ్చు. దాన్ని అత్యవసరానికని అలాగే ఉంచాను. వాట్సాప్ ఫోల్డర్‌ని ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపలి మీడియాలో పాత చోటే పెట్టి, ఆ తర్వాత వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి, సిమ్‌కి వచ్చిన ఓటీపీ కొట్టాను. బ్యాకప్ దొరికింది, తిరిగి వేయనా అని అడిగింది. వేయమన్నాను. మెసేజీలు అంకెలుగా లెక్కపెట్టుకుంటూ వచ్చాయి. పెద్దాయన పేరు, పేరు కింద ఆయన గొంతులు, వరసలో ఉన్నాయి.

యూపీఐ యాప్ పిన్ అడిగింది. మావయ్య పిన్ కొట్టి, చీరాల బట్టల మార్కెట్లో తనకి బాకీ ఉన్న షావుకారుకి ఫోన్ చేసి, "ఇప్పుడు వెయ్యి, పడతాయి" అన్నాడు. పడ్డాయి.

హార్డ్‌డిస్క్ నాతో తెనాలి వస్తుంది, పెన్‌డ్రైవ్ అత్తయ్య బీరువాలో ఉంటుంది అని మాట అనుకున్నాం. నేను కేబుళ్ళు చుడుతుండగా మావయ్య అద్దకం వాళ్ళకి ఫోన్ కలిపాడు. "ఆ పచ్చ లెక్క ఉంది నా దగ్గర, ఎక్కడికీ పోలేదు. రేపు పొద్దున్నే పోగు తీసుకుని వస్తాను, నీళ్ళు పెట్టి ఉంచు."