నిమ్మాడ దాకే టికెట్

టెక్కలిలో శ్రీకాకుళం బస్సెక్కాను. జేబులో ముప్పై అయిదు రూపాయలు, చేతిలో చచ్చిపోయిన ఫోను. ఆడవాళ్లకైతే మొన్న ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు గానీ నాకుంది కదా! ఉన్నదంతా కండక్టర్ చేతిలో పెట్టి, "దీనికి ఎందాకా వస్తే అందాకా ఇవ్వండి సార్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి టికెట్ కొట్టి, అయిదు రూపాయలు వెనక్కిచ్చాడు. టికెట్ మీద నిమ్మాడ అని ఉంది.

ఇది 2025 డిసెంబరు సంగతి. విజయవాడ నుంచి జనరల్ బోగీలో బయల్దేరాను. మూడు రోజుల ట్రిప్పుకి బడ్జెట్ పదిహేను వందలు, అదీ దాదాపు మొత్తం ఫోన్‌పేలోనే. ఏటీఎం కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది.

ఆ రోజు పొద్దున్న తేలినీలాపురం వెళ్లాను. అక్కడ ఊళ్లో చింతచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఏటా చలికాలానికి వచ్చి, పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోతాయి. కింద రెట్టలు, నీచు వాసన, రోజంతా గోల. అయినా ఎవరూ వాటి మీద రాయి విసరరు. అవొస్తే ఊరికి మంచిదని నమ్మకం. మధ్యాహ్నం భావనపాడు వెళ్లాను. అలని ఫొటో తీద్దామని వంగితే, అల వచ్చి ఫోన్ లాక్కుపోయింది. వెతికి పట్టుకునేసరికి అది ఇక లేదు. పర్సులో ఉన్న చిల్లర టెక్కలి ఆటోకి పోగా మిగిలిందే ఆ ముప్పై అయిదు.

శ్రీకాకుళంలో ఫ్రెండ్ రూము ఉంది. అక్కడికి చేరితే చాలు. కానీ వాడి నంబరు నోటికి రాదు. నాకు నోటికొచ్చిన నంబరు అమ్మది ఒక్కటే.

నిమ్మాడ జంక్షన్‌లో దిగేసరికి చీకటి పడింది. హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. చలి. ఒక షాపు దగ్గరకెళ్లి, "అన్నా, ఒక్క కాల్ చేసుకుంటాను" అన్నాను. "ఇలాంటోళ్లని శానామందిని చూశాం, ఎల్లు" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎందుకంటే అది నా డైలాగే. విజయవాడ బస్టాండులో "ఊరెళ్లడానికి డబ్బులు తగ్గాయి బాబూ" అని ఎవరైనా దగ్గరకొస్తే, నేను ఇయర్‌ఫోన్స్ తియ్యకుండానే చెయ్యి ఊపేసేవాణ్ని. అందరూ ఫ్రాడే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ అందరిలో నేనూ ఒకణ్ని.

కాస్త అవతల టీ బడ్డీ. ఒకావిడ గిన్నెలు కడుగుతోంది. నేను అడగక ముందే ఆవిడే అడిగింది.

"ఏటి బావూ, ఎందాకెల్లాల?"

చెప్పాను. మొత్తం విని బటన్ ఫోన్ చేతికిచ్చింది. "ముందు మీయమ్మకి చెయ్యి. కంగారు పడతాది."

అమ్మ ఎత్తింది. ఫోన్ పాడైంది, నేను బాగానే ఉన్నాను అన్నాను. "మరి ఈ నంబరెవరిదిరా?" అంది. ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ ఒక పిన్నిదిలే" అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడ క్యారియర్ విప్పి, మూతలో అన్నం, వంకాయ ఎండురొయ్యల కూర పెట్టింది. గబగబా తినేశాను. సగం అయ్యాక తల ఎత్తి చూస్తే, మిగిలిన సగం గిన్నెలో ఆవిడ తింటోంది. అది ఆవిడ రాత్రి భోజనం.

తింటూ కబుర్లు చెప్పింది. పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల జీడిచెట్లన్నీ పడిపోయాయి. జీడిచెట్టు పెట్టగానే కాపుకి రాదు, ఏళ్లు పడుతుంది. కొడుకు అన్నేళ్లు ఆగలేక చెన్నై వెళ్లిపోయాడు. ఈ జిల్లాకి వలస కొత్త కాదు. గుజరాత్ వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన ఇక్కడి మత్స్యకారుల కథేగా 'తండేల్' సినిమా!

బస్సు లైట్లు కనబడగానే రోడ్డు మీదకెళ్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. డబ్బాలోంచి వంద తీసి నా జేబులో కుక్కింది. బడ్డీకి అంటించిన స్కానర్ చూపించి, "రేపు దీనికి వేస్తాను పిన్నీ" అన్నాను.

"అది మావోడి ఫోన్‌ది బావూ, నాకు రాదు" అని నవ్వింది. "ఆడికీ అక్కడ ఎవులో ఇంత ముద్ద ఎట్టే ఉంటారు. ఎక్కు, ఎక్కు."

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్‌లోంచి ఆ నంబరు తీసి చేశాను. డబ్బులొద్దంది. "మావోడితో ఓపాలి మాట్లాడు, ఆడికీ అక్కడ ఎవులూ లేరు" అని వాళ్లబ్బాయి నంబరిచ్చింది. చేశాను. తనూ డబ్బులొద్దన్నాడు.

"నేను చెన్నైలో దిగిన రాత్రి ఒకాయన ఇడ్లీలు కొనిపెట్టాడు బ్రో. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు. పేరు కూడా అడగలేదు. ఆ బాకీ నా దగ్గర అలాగే ఉంది. ఇది నువ్వుంచుకో."

మొన్న విజయవాడ బస్టాండులో ఒకతను వచ్చాడు. రాజమండ్రి వెళ్లాలి, ఎనభై రూపాయలు తగ్గాయి అన్నాడు. ఇయర్‌ఫోన్స్ తీశాను. అన్నం తిన్నావా అని అడిగాను. తినలేదన్నాడు. ఇద్దరం ఇడ్లీ తిన్నాక ఎనభై చేతిలో పెట్టాను.

అతను చెప్పింది నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఆ రాత్రి నిమ్మాడలో ఆవిడకీ నా సంగతి తెలియదు.