రెండు తాళంచెవులు

మా హోసూరు చుట్టుపక్కల నన్ను ఎరిగినవాళ్లు కలిస్తే, ఇదివరకు ఫిక్సెడ్ డిపాజిట్ మీద వడ్డీ ఎంతని అడిగేవారు. ఈ మధ్య తుపాకి లైసెన్సు ఎలా తీసుకోవాలని అడుగుతున్నారు. 2024 నవంబరులో పల్లడం దగ్గర తోట ఇంట్లో ముగ్గురినీ, 2025లో ఈరోడు జిల్లా శివగిరి దగ్గర వృద్ధ దంపతులనూ దుండగులు చంపిన తరువాత, పొలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు నిద్ర కరువైంది. నేను 2022లోనే తుపాకి కొన్నాను గనుక నన్ను అనుభవశాలి కింద జమ కట్టారు. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. తుపాకి సంగతైనా నాకు జమాఖర్చుల భాషలోనే చెప్పడం వచ్చు.

గొప్పలు చెప్పుకునేవాణ్ణి మనవాళ్లు తుపాకి రాముడంటారు. తుపాకి ఇంటికి రాకముందే బంధువుల్లో నాకా బిరుదు దక్కింది. "ఏనుగుల కోసమా బావా?" అని మా బావమరిది హేళన చేశాడు. మావైపు రాగి చేలమీదికి ఏనుగులు వచ్చే మాట నిజమే. కాని 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఏనుగు మొదటి షెడ్యూలులోని జంతువు. దానిమీద తుపాకి ఎత్తితే జైలే. నా భయం మనుషుల గురించి. డెంకణికోట దారిలో మాకు మూడెకరాల పొలం, అందులో ఇల్లు ఉన్నాయి. అబ్బాయి దూరాన ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో ఉండేది నేను, మా ఆవిడ, ఎనభై దాటిన మా అత్తగారు. పక్క ఊళ్లో ఒక పెద్దావిడ మెడలో గొలుసు రాత్రిపూట ఇంట్లోకి దూరి తెంపుకుపోయారు. ఆ వారమే అర్జీ రాశాను.

1878లో తెల్లదొరలు చేసిన ఆయుధాల చట్టం స్థానంలో మనం 1959లో వేరే చట్టం చేసుకున్నాం. దాని కింద అర్జీదారుకు 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2016 నిబంధనలు వచ్చాక మానసిక ఆరోగ్యంతో సహా డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకి జాగ్రత్తల్లో శిక్షణ పొందిన పత్రం కూడా పెట్టాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మా జిల్లాలో లైసెన్సు ఇచ్చేది కలెక్టరు.

విచారణకు వచ్చిన పోలీసాయన నన్ను అడిగింది తక్కువ, పొరుగువారిని అడిగింది ఎక్కువ. మా కంచెకు ఒక పక్క కన్నడంవారు, ఒక పక్క ఉర్దూ మాట్లాడేవారు, దారికి ఆవల తమిళులు. "ఈయన తగవులమారి కాదు, తాగుడు లేదు" అని ముగ్గురూ మూడు భాషల్లో చెప్పారట. ఎన్నో అప్పు కాగితాల్లో హామీదారుల సంతకాలు చూసినవాణ్ణి. నాకు ఎవరైనా హామీ పడ్డం అదే మొదటిసారి.

కొన్నది 12 బోరు జంట గొట్టాల తుపాకి. ఒక పౌండు సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కొక్క గుండు సరిగ్గా పట్టే గొట్టం గనుక దానికాపేరు. మా శాఖలో గార్డు భుజాన దాన్ని ముప్పై ఏళ్లు చూశాను గాని చేత్తో తాకి ఎరగను. లైసెన్సు పుస్తకం అచ్చం మన పాస్‌బుక్కే. ఒకసారికి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో అందులో ఉంటుంది. కొన్నప్పుడల్లా దుకాణదారు రాసి ముద్ర వేస్తాడు.

నాకు నేర్పినాయన పదవీ విరమణ చేసిన సుబేదారు. మొదటి రోజంతా తూటా కంటికి చూపించలేదు. "సార్, ఖాళీ తుపాకి అనేది లోకంలో లేదు. ప్రతిదీ నిండుదే అనుకోవాలి" అన్నారు. ఎవరు చేతికిచ్చినా మీట తిప్పి తెరిచి, రెండు గదుల్లోకీ కంటితో చూసి, వేలితో తడిమి మరీ నమ్మాలి. గొట్టం ఎప్పుడూ మనిషి లేని దిక్కుకే ఉండాలి. కాల్చాలని నిశ్చయించుకునే దాకా వేలు ట్రిగ్గరు బయటే ఉండాలి. గురినే కాదు, గురికి వెనక ఏముందో కూడా చూడాలి. ట్రిగ్గరు నొక్కినా తూటా పేలకపోతే వెంటనే తెరవకూడదు. గొట్టాన్ని అదే దిక్కున ఉంచి అర నిమిషమైనా ఆగాలి. సేఫ్టీ మీట ఉంది కదా అని ఇవేవీ మానకూడదు. అది యంత్రం, ఏదో ఒకరోజు చెడుతుంది. క్యాషు లెక్క సరిపోయినా మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకునే మాకు ఈ చదువు కొత్తగా తోచలేదు.

నన్ను ఆలోచింపజేసింది ఒక అంకె. ఆ తుపాకి నుంచి వెలువడేది ఒక గుండు కాదు, సీసపు గుళికల గుంపు. ఫుల్ చోక్ ఉన్న గొట్టమైతే 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో సుమారు 70 శాతం గుళికలు పడతాయి. మిగిలిన 30 శాతం ఎవరి ఖాతాలో పడతాయి? చీకట్లో, చేతులు వణుకుతూ కాలిస్తే ఆ లెక్క ఎవరు చెప్పగలరు?

బ్యాంకు స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయి. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. మా ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. తుపాకి గోడకు బిగించిన ఇనుప బీరువాలో ఉంటుంది, దాని తాళం నాది. తూటాలు వేరే గదిలో వేరే పెట్టెలో ఉంటాయి, ఆ తాళం మా ఆవిడది. "దొంగ వచ్చినప్పుడు అక్కయ్యను లేపి తాళం అడుగుతావా?" అని బావమరిది నవ్వాడు. అడుగుతాను. గడియారం పెట్టి చూశాను, రెండు నిమిషాలు పడుతుంది. దొంగ అప్పటికే మంచం దగ్గర ఉంటే ఆ తుపాకి నాకు పనికిరాదు. తలగడ కింద నింపి పెట్టుకుంటే పనికివస్తుందేమో గాని, అది మిగతా రాత్రులన్నీ ఇంట్లోవాళ్లకే గండం. కనుక ఆ రెండు నిమిషాలను ఇనుప తలుపు, వాకిట దీపాలు, కుక్క సంపాదించి పెట్టాలి. తుపాకికన్నా ముందు వాటిమీద ఖర్చు పెట్టాను.

2023 డిసెంబరులో ఒక రాత్రి కుక్క ఆగకుండా మొరిగింది. వెనక కంచె దగ్గర టార్చి వెలుగు కదిలింది. మా ఆవిడ లేచి తూటాలు తెచ్చింది. తుపాకి తెరిచి చేతిలో పట్టుకున్నాను, తూటాలు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. దీపాలన్నీ వేసి, కిటికీ పక్కన నిలబడి "ఎవరది?" అని తెలుగులో, తమిళంలో, కన్నడంలో కేకవేశాను. మూడో భాషకు జవాబు వచ్చింది. పొరుగాయన చిన్నకొడుకు, కట్టు తెంపుకున్న దూడను వెతుక్కుంటూ వచ్చాడు. నాకోసం పోలీసుకు హామీ చెప్పినాయన కొడుకు! తూటాలు పెట్టెలోకి, తుపాకి బీరువాలోకి పోయాక కూడా తెల్లవారే దాకా మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఆత్మరక్షణ హక్కు మనకుంది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. అయితే రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షను చెబుతుంది. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. 2024 లోక్‌సభ ఎన్నికలకు తుపాకిని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాను. మార్చి నుంచి జూను దాకా అది ఇంట్లో లేదు. ఆ రోజుల్లో మా ఆవిడ ఎప్పటికన్నా బాగా నిద్రపోయిందని చెబితే నమ్మండి.

అయినా తుపాకిని అమ్మలేదు. ఒంటరి ఇంట్లో ముసలివాళ్లతో ఉండేవాడి భయం ఉత్తది కాదు. అడిగినవాళ్లకు దాపరికం లేకుండా చెబుతున్నాను. ఇంట్లో తాగేవాళ్లు ఉన్నా, దిగులుతో కుంగిపోతున్నవాళ్లు ఉన్నా, ఊరుకోని పిల్లలు ఉన్నా తుపాకి వద్దు. రెండో తాళంచెవి నమ్మి ఇవ్వదగిన మనిషి ఇంట్లో లేకపోతే అసలే వద్దు. ఇవన్నీ సరిపడ్డా, ముందు కంచె పక్కవాళ్ల ఫోను నంబర్లు గోడమీద పెద్ద అంకెలతో రాసుకోండి. కలెక్టరుకు అర్జీ ఆ తరువాత పెట్టవచ్చు.