భరిణె మీది అక్షరాలు

వెండికి నలుపు స్వరూపగతమా, ఆగంతుకమా అన్న ప్రశ్న తొలిచూపునకు అల్పమైనదిగా తోస్తుంది. నల్లబడిన పాత్రను తోమితే తెల్లబడుతున్నది గనుక మాలిన్యం వెలుపలి నుండి వచ్చి చేరినదేననీ, లోపలి లోహం నిత్యశుద్ధమేననీ లోకం నిశ్చయించుకొని ఉన్నది. జీవునికీ అవిద్యకూ గల సంబంధాన్ని వివరించేటప్పుడు ఈ దృష్టాంతాన్ని ఆశ్రయించేవారు అనేకులు. రసాయనశాస్త్రాన్ని ముప్పది సంవత్సరాలు బోధించి విశ్రాంతి పొందిన ఒక అధ్యాపకురాలు కూడా దానిని ఎన్నోమార్లు విన్నది, తలయూపింది. తల్లి గతించిన మరుసటి శ్రావణంలో మాత్రం ఆ దృష్టాంతం ఆమెకు చాలలేదు.

వరలక్ష్మీవ్రతానికి రెండు దినాల ముందు ఆమె పెట్టె తెరిచింది. ఏడాదిగా ఆ ఇంట పండుగ లేదు. అపరకర్మలు ముగిసిన నాడు తల్లి కుంకుమభరిణెను, పంచపాత్రను, ఒక జత పట్టీలను తల్లి కప్పుకొనే ఉన్నిశాలువలోనే చుట్టి, ఉద్ధరిణె జారిపోకుండా దానిని పంచపాత్రకు రబ్బరు బ్యాండుతో బిగించి, ఆమె స్వహస్తాలతో భద్రపరచింది. ఇప్పుడు మూట విప్పితే అన్నీ మసిబారి ఉన్నాయి. రబ్బరు తగిలిన చోట పంచపాత్ర చుట్టూ కాటుకరేఖ వంటి గీత పడింది. భరిణె మూతపై వివాహసమయంలో కొట్టించిన తల్లి పేరు, నాలుగే అక్షరాలు, అసలు కనిపించడం లేదు.

కారణం ఆమెకు తెలియనిది కాదు. ఇనుము వలె వెండి గాలిలోని ఆక్సిజన్‌కు సులభంగా లొంగదు. దాని శత్రువు గంధకం. గాలిలో లేశమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తేమ తోడ్పాటుతో ఉపరితలంలోని వెండితో సంయోగం చెంది సిల్వర్ సల్ఫైడ్‌గా పరిణమిస్తుంది. ఆ పొర పలుచగా ఉన్నంతకాలం పసుపువన్నెలో, పిదప గోధుమవన్నెలో, మందమైన కొద్దీ నలుపులో భాసిస్తుంది. బొగ్గుపొగ, మురుగుకాలువల ఆవిరి, ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన గుడ్డు, ఇవన్నీ గంధకానికి ఆశ్రయాలే. ఆభరణాలకై నూటికి 92.5 పాళ్ల వెండిలో కలిపే రాగి సైతం నల్లబడే స్వభావం కలదే. ఉన్నిలోని మాంసకృత్తులలో గంధకం ఉన్నది. రబ్బరును గట్టిపరచేదే గంధకంతో. ఈ పాఠాన్ని ఆమె ఎందరికో చెప్పింది. దుఃఖంలో ఉన్న చేతులు, తల్లి స్పర్శ ఉన్న వస్త్రమే తల్లి వస్తువులకు తగిన కప్పు అని భావించాయి. ఆ ఆప్యాయతే ఏడాది పొడుగునా వాటిని నల్లబరచింది.

ఆమె అలవాటు ప్రకారం విభూతిని తడిపి బొటనవ్రేలితో అద్దింది. ప్రతి గురువారం సాయంకాలం తల్లి చేసినది అదే. శుక్రవారానికి భరిణె మెరవవలసిందే. మూతపై వ్రేలు ఆన్చగానే ఆమె ఆగిపోయింది. పూర్వం విద్యార్థులచేత చేయించిన ఒక లెక్క జ్ఞప్తికి వచ్చింది. సిల్వర్ సల్ఫైడ్ భారంలో నూటికి 87 పాళ్లు వెండియే. అనగా ఆ నలుపు వెండిపై వ్రాలిన ధూళి కాదు, రూపాంతరం చెందిన వెండి. నలుపును రుద్ది తీసివేసిన ప్రతిసారీ వెండి కూడా కొంత తరిగిపోతుంది. విభూతి మెత్తనిదే అయినా ఏబది ఏండ్ల గురువారాలు అక్షరాల గట్లను అరగదీస్తాయి. దంతధావనపు పేస్టు, పాత్రలు తోమే పీచు మరింత వేగంగా ఆ పని చేస్తాయి.

అందుచేత ఆమె విభూతిని కడిగివేసి, గాజుపాత్రలో అల్యూమినియం రేకును మెరిసే వైపు పైకి వచ్చేలా పరచింది. దానిపై భరిణెను, మూతను విడివిడిగా, రేకును తాకి ఉండేలా అమర్చింది. మరిగిన నీటిలో లీటరుకు రెండు చెంచాల వంటసోడా కలిపి నిదానంగా పోసింది. వంటసోడా రేకుపై ఉండే ఆక్సైడ్ పొరను సడలిస్తుంది. వెండి కంటే చురుకైన అల్యూమినియం ఎలక్ట్రాన్లను ఇచ్చి గంధకాన్ని తాను స్వీకరిస్తుంది. వెండి తిరిగి వెండిగా, ఉన్నచోటనే నిలుస్తుంది. కొద్ది క్షణాలలో కుళ్లిన గుడ్డు వాసన లేచింది. వ్రతానికై శుద్ధిచేసిన వంటింట ఆ వాసన ఏమిటని కోడలు కంగారుపడి వచ్చింది. "ఏమీ లేదమ్మా, కిటికీ తెరువు. ఏడాది పాటు దాగిన గంధకం పోతున్నది," అని ఆమె బదులిచ్చింది.

పట్టీలను మాత్రం ఆ నీటిలో దింపలేదు. వాటి లతల సందులలోని నలుపు, పనితనం తేటపడడానికై కంసాలి బుద్ధిపూర్వకంగా నిలిపినది. వాటిని పలుచని కుంకుడురసంతో, మెత్తని గుడ్డతో తుడవడంతోనే సరిపెట్టింది. ముత్యాలు, పగడాలు, లక్కతో అతికిన రాళ్లు ఉన్న నగలకూ వేడిసోడానీరు తగదు.

పది నిమిషాల పిమ్మట భరిణెను తీసి, మంచినీట కడిగి, నూలుగుడ్డతో తడి లేకుండా అద్దింది. మొదటి రెండు అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. మూడవది సగమే వచ్చింది. మూత తెరిచేటప్పుడు తల్లి బొటనవ్రేలు ఆనే చోట ఉన్న నాలుగవ అక్షరం రాలేదు. గంధకం హరించినది తిరిగి వచ్చింది. తోమడంలో పోయినది తిరిగి రాలేదు. ఏ రసాయనానికీ అది సాధ్యం కాదు.

"కంసాలికి ఇచ్చి మళ్లీ చెక్కిద్దామా అత్తయ్యా?" అని కోడలు అడిగింది. ఆమె చాలాసేపు మూతను వెలుతురులో అటూ ఇటూ త్రిప్పి చూసింది. "వద్దు. ఆ అక్షరాన్ని అరగదీసినది అమ్మ చేయే," అన్నది.

వ్రతం ముగిసిన సాయంకాలం ఆమె భరిణెను ఒంటిన కుంకుమ లేకుండా తుడిచి, ఉతికి ఆరవేసిన నూలుగుడ్డలో చుట్టి, తేమను పీల్చడానికి సుద్దముక్క ఒకటి చేర్చి, గాలి చొరని డబ్బాలో పెట్టింది. ఉన్నిశాలువను మడిచి వేరొక అరలో, తన చీరల నడుమ ఉంచుకొన్నది.